బూటయ్యేదల్లా బ్యాకప్ కాదు

మొన్న ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర మళ్ళీ అదే చర్చ. టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు తన సొంత లాప్‌టాప్‌కి బ్యాకప్ ఎలా చేసుకోవాలని అడిగాడు. అడగడమే ఆలస్యం, నలుగురు సీనియర్లు ఒకే మాట: "ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటి కొనుక్కో. మొత్తం డిస్కుని బూటబుల్‌గా క్లోన్ చేసి పడేయ్. లాప్‌టాప్ డిస్కు పోయినా, అది తగిలించి బూట్ చేసుకుని పనిలో పడిపోవచ్చు." కుర్రాడు అక్కడే ఫోన్లో డ్రైవుల ధరలు చూడ్డం మొదలెట్టాడు.

నేను పెరుగన్నం కెలుకుతూ కూర్చున్నా. ఎందుకంటే 2022 దాకా ఆ సలహాని అందరికంటే గట్టిగా ఇచ్చినవాణ్ణి నేనే. అప్పుడు టేబుల్ దగ్గర చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నా.

బూటబుల్ క్లోన్ బ్యాకప్ కాదండీ. అది స్టెప్నీ. టైరు పంక్చరైతే బండి మళ్ళీ కదులుతుంది, అంతవరకూ నిజమే. కానీ దారిలో డిక్కీలోంచి పడిపోయిన సామాను స్టెప్నీ తెచ్చివ్వదు.

నా కథ వినండి. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో, 2019 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ చేత పాటలు పాడించి ఫోన్లో రికార్డు చేశా. మంగళహారతులు, అప్పగింతల పాటలు, ఏ పుస్తకంలోనూ ఉంటాయో లేదో తెలియనివి.. మొత్తం పదకొండు. ఫోన్ మార్చినప్పుడు వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించా. ఉబుంటు లాప్‌టాప్. దానికి నేనే స్వయంగా క్లోన్ ఏర్పాటు చేసుకున్నా: ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ మీద పార్టిషన్లు చేసి, ఆర్‌సింక్‌తో రూట్ మొత్తం కాపీ చేసి, గ్రబ్ ఎక్కించి, ఎఫ్ఎస్‌ట్యాబ్ సరిచేసి, ప్రతి ఆదివారం రాత్రి క్రాన్ జాబ్. క్లోన్ అంటే క్లోన్‌లా ఉండాలి కదా, అందుకని డిలీట్ ఆప్షన్ కూడా పెట్టా. అంటే లాప్‌టాప్‌లో లేని ఫైలు క్లోన్‌లోనూ ఉండకూడదు. రూమ్మేట్లని పిలిచి మరీ దాన్నించి బూట్ చేసి చూపించా. "మామా, నువ్వు దేవుడివిరా" అన్నాడొకడు. ఆ గొప్పలు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

2021లో అమ్మమ్మ పోయింది. మరుసటేడు సంవత్సరీకానికి వారం ముందు అమ్మ ఫోన్ చేసి, "నాన్నా, అమ్మమ్మ పాటలున్నాయి కదా, అందరూ వస్తున్నారు, ఆ రోజు వినిపిద్దాం పంపించు" అంది. వెతికితే ఆ ఫోల్డరు లేదు! రెండు నెలల క్రితం డాకర్ ఇమేజిలతో డిస్కు నిండిపోతే, అర్ధరాత్రి నిద్రమత్తులో పనికిరానివన్నీ తీసేశా. వాటితోపాటు పాత ఫోన్ ఫోల్డరు కూడా పోయినట్టుంది.

నాకేం భయం, క్లోన్ ఉందిగా! డ్రైవ్ తగిలించా. చక్కగా బూట్ అయింది. అదే డెస్క్‌టాప్, అదే వాల్‌పేపరు. ఆ ఫోల్డరు మాత్రం అందులోనూ లేదు. నేను డిలీట్ చేసిన ఆ ఆదివారం రాత్రే నా స్క్రిప్టు దాన్ని అక్కడ కూడా తుడిచేసింది. బగ్ ఏమీ కాదు, నేను చెప్పిన పనే చేసింది. ఎస్ఎస్‌డీ మీద తుడిచేసి రెండు నెలలు వాడాక రికవరీ టూళ్ళు ఏం చేస్తాయి? ఏమీ చేయలేదు.

మా పిన్ని కూతురికి అప్పట్లో వాట్సాప్‌లో మూడు పాటలు పంపానట. ఆ మూడే మిగిలాయి. మిగతా ఎనిమిది లేవు. అమ్మ ఏమీ అనలేదు. "పోన్లే నాన్నా" అంది, అంతే.

ఇప్పుడు వాదన. "నీ స్క్రిప్టు తప్పు బాబూ, తుడిచిన ఫైళ్ళని పక్కన దాచే ఆప్షన్లు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ అప్పుడు మిమ్మల్ని కాపాడేది పాత వెర్షన్లు దాచుకోవడమే కానీ, బూట్ అవడం కాదు కదా? నేననేదీ అదే. మనం భయపడేది డిస్కు చచ్చిపోతుందని. కానీ డిస్కు ఒకసారి చస్తే, మనం చేజేతులా చేసే తప్పులు పది. క్లోన్ డిస్కు చావు నుంచి కాపాడుతుంది. మన చేతి నుంచి కాపాడదు. డ్రైవ్‌ని ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ నుంచి కూడా కాపాడదు, లాప్‌టాప్‌తో పాటు దానికీ తాళం పడుతుంది. క్లౌడ్ సింక్ ఉందిగా అనేవాళ్ళూ ఆగండి. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడిచేసే సింకుకి, నా స్క్రిప్టుకి పెద్ద తేడా లేదు. కొన్ని సర్వీసుల్లో ట్రాష్ ఉంటుంది నిజమే, కానీ దానికీ గడువు ఉంటుంది. నేను తెలుసుకున్నది రెండు నెలల తర్వాత!

సరే, కనీసం ఆ స్టెప్నీ అయినా పనిచేస్తుందా? అదీ పాతకాలపు మాట అయిపోయింది.

మాక్‌బుక్ వాళ్ళు: 2020లో వచ్చిన ఎం1 నుంచి కథ మారింది. ఆ చిప్పులున్న మాక్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ నుంచి లేవాలన్నా మొదటి అడుగులు లోపలి ఎస్ఎస్‌డీ మీదే పడాలి. అది పూర్తిగా చస్తే బయట ఎంత మంచి క్లోన్ ఉన్నా మిషను లేవదు. ఏ ప్రమాదం కోసం క్లోన్ చేసుకున్నారో సరిగ్గా ఆ ప్రమాదంలోనే అది పనికిరాదన్నమాట! పైగా అదే ఏడాది వచ్చిన బిగ్ సర్ నుంచి సిస్టమ్ వాల్యూమ్‌కి సీలు వేశారు, దాన్ని బూటయ్యేలా కాపీ చేయాలంటే ఆపిల్ సొంత టూలే దిక్కు. క్లోనింగుకి పేరుపడ్డ కార్బన్ కాపీ క్లోనర్ వాళ్ళే ఇప్పుడు బూటబుల్ కాపీ మీద ఆధారపడొద్దు, డేటా బ్యాకప్ చాలు అంటున్నారు. కొత్తగా ఓఎస్ వేసి, మైగ్రేషన్ అసిస్టెంట్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు.

విండోస్ వాళ్ళు: యూఎస్‌బీ నుంచి విండోస్ నడపడానికి ఉన్న విండోస్ టు గో ని 2020లో తీసేశారు. క్లోన్ చేసిన డిస్కుని లాప్‌టాప్ విప్పి లోపల పెట్టుకోవాల్సిందే. పెట్టాక బిట్‌లాకర్ రికవరీ కీ అడిగితే? ఆ 48 అంకెలు ఎక్కడున్నాయో మీలో ఎంతమందికి తెలుసు? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి.

లైనక్స్ వాళ్ళు (మనవాళ్ళే): డీడీతో బిట్టు బిట్టు కాపీ చేస్తే రెండు డిస్కులకీ ఒకే యూయూఐడీ వస్తుంది. రెండూ తగిలించి బూట్ చేస్తే ఏది మౌంట్ అవుతుందో గ్యారంటీ లేదు. క్లోన్ నుంచి లేచాననుకుని లోపలి డిస్కు మీదే కూర్చుని, టెస్ట్ పాసయిందని సంబరపడే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. ఒక్క గంట కూడా ఆగకూడని పని మనలో చాలామందికి ఏ లాప్‌టాప్ మీద ఉంటుంది? కంపెనీది. దాన్ని సొంత డ్రైవ్‌లోకి క్లోన్ చేస్తే బ్యాకప్ సంగతి తర్వాత, హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది :-) సొంత లాప్‌టాప్ ఒక రోజు పడుకుంటే కొంపేం మునగదు. నా 512 జీబీ డిస్కులో, పోతే మళ్ళీ దొరకనివి లెక్కేస్తే 74 జీబీ తేలాయి. మిగతాదంతా ఎప్పుడు కావాలన్నా నెట్‌లో దొరికే సరుకే. ఆ సరుకుని బూటయ్యేలా దాచడానికి ఆదివారాలు ధారపోసి, దొరకని ఆ 74 జీబీకి ఒక్క పాత వెర్షను కూడా ఉంచుకోలేదు నేను. ఇది ఇంజినీరింగా?

మనం తెలివైనవాళ్ళం, మనకి జరగదు అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ తుడిచేశాడు. చూస్తే, పెట్టుకున్న ఐదు బ్యాకప్ పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా పనిచేయట్లేదు. వేరే పని కోసం ఎవరో ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ వాళ్ళని గట్టెక్కించింది. నన్ను మా చెల్లెలి వాట్సాప్ మూడు పాటల మేరకు గట్టెక్కించినట్టే. అదృష్టాన్ని బ్యాకప్ ప్లాన్ అనరు. వాళ్ళు ఆ తప్పుని దాచకుండా లోకానికంతా చెప్పారు, అందుకు మెచ్చుకోవాలి.

ఇప్పుడు నేను చేసేది చాలా చప్పగా ఉంటుంది, రూమ్మేట్లని పిలిచి చూపించేంత లేదు:

1. డేటా మాత్రమే, పాత వెర్షన్లతో సహా. నేను రెస్టిక్ వాడుతున్నా. మాక్‌లో టైమ్ మెషీన్, విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఉన్నాయి. నెలవారీ కాపీలు కనీసం ఏడాది దాకా ఉంచుతా.

2. రెండు డ్రైవులు. ఒకటి నా దగ్గర, పని అయ్యాక పీకేసి. రెండోది ఊళ్ళో అమ్మ బీరువాలో. పండక్కి వెళ్ళినప్పుడల్లా మార్చుకొస్తా.

3. ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీల జాబితా, కాన్ఫిగ్ ఫైళ్ళు గిట్‌లో. కొత్త మిషను ఒక పూటలో తయారవుతుంది.

4. పాస్‌వర్డు, రికవరీ కీ కాగితం మీద.

5. మూడు నెలలకోసారి ఏదో ఒక ఫైలుని వేరే మిషన్లో బ్యాకప్ నుంచి తీసి తెరిచి చూడ్డం. ఆఫీసులో డీఆర్ డ్రిల్ అంటే శనివారం కూడా వచ్చి కూర్చుంటాం. ఇంట్లో అమ్మానాన్నల ఫొటోలకి పది నిమిషాలు కేటాయించలేమా?

ఇవన్నీ చేశాక కూడా సరదాకి బూటబుల్ క్లోన్ కావాలంటే చేసుకోండి, నేనెందుకు వద్దంటాను? స్టెప్నీ ఉండటం మంచిదే. కానీ కొత్త కుర్రాళ్ళకి బ్యాకప్ అంటే అదేనని చెప్పడం ఆపేద్దాం. రేపు లంచ్‌లో ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాలి. డ్రైవు ఆర్డరు పెట్టే ఉంటాడు. పెట్టనీ, డ్రైవు ఎలాగూ కావాలి.

మీరు మాత్రం ఇది చదవడం అయ్యాక ఒక పని చేయండి. రెండు నెలల క్రితం మీరు తుడిచేసిన ఫైలు ఒక్కటి గుర్తు తెచ్చుకుని, మీ బ్యాకప్‌లోంచి బయటికి తీయండి చూద్దాం. వచ్చిందా, మీకు బ్యాకప్ ఉంది. రాలేదా, మీ దగ్గర ఉన్నది స్టెప్నీ మాత్రమే.