బిగుసుకున్న స్టీరింగు

శబరి ఒడ్డున కోంటా మొదలు ఇంద్రావతి చెంత భోపాలపట్నం దాకా, బస్తరులో తెలుగు వినవచ్చే పల్లెలలో పాత ట్రాక్టరును నమ్ముకున్న రైతుకు వరి దమ్ముల కాలం గడ్డుకాలమే. పవర్ స్టీరింగు బిగుసుకున్నదంటే పంపు పోయిందని తీర్మానించి కొత్తది కొనడం తొందరపాటు.

ముందు టైర్లలో గాలి తగ్గినదేమో మొదట చూడాలి. పిదప నూనె మట్టం. నూనె పాలవలె నురగ కట్టితే, పీల్చే గొట్టం బిగింపు వద్ద గాలి చొరబడుతున్నదేమో చూడాలి. ఫిల్టరు పూడినా ఇదే బాధ.

అసలు పరీక్ష వేరే ఉన్నది. ఇంజను ఆపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి దృఢమైన దుంగలపై నిలపాలి. స్టీరింగు సిలిండరు కొసను విడదీసి చక్రాలను చేతితో తిప్పి చూడాలి. అప్పటికీ మొరాయిస్తే దోషం పంపుది కాదు. బురదనీరు దిగి తుప్పుపట్టిన కింగ్‌పిన్నులది. గ్రీజు ఎన్నడు పెట్టారో గుర్తు చేసుకోండి! సులువుగా తిరిగితేనే పంపును, రిలీఫ్ వాల్వును అనుమానించాలి. ఆ వాల్వు మరను పీడనమాపకం లేకుండా బిగించరాదు, గొట్టాలు పగలవచ్చు. నూనె కారే చోటును వేలితో తడమరాదు. పీడనంతో చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

కేశకాల్ ఘాటు వంటి దిగుడులో డీజిలు మిగులుతుందని ఇంజను ఆపేవారున్నారు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. మలుపులో చక్రం తిప్పడానికి మిగిలేది భుజబలమే.