గౌరవ వేతనం, ఖాళీగా ఉండే ఆడవాళ్లు

పదకొండు, పన్నెండేళ్ల పిల్లను మూలన కూర్చోబెట్టి “మా పిల్ల పెద్దమనిషి అయింది” అని చుట్టాలందరికీ కబురు చేస్తాం. ఆ రోజు నుంచి ఆ పెద్దమనిషి గట్టిగా నవ్వకూడదు. ఒక్కతే అంగడికి పోకూడదు. హైస్కూలు పక్కూళ్లో ఉంటే చదువే మానుకోవాలి. అదే ఊళ్లో ‘పెద్దమనుషులు’ అని వేరే కొందరుంటారు. మొగుడూ పెళ్లాల తగాదా వచ్చినా, గట్టు పంచాయితీ వచ్చినా చెట్టు కింద కూర్చుని తీర్పు చెప్పేది వాళ్లే. ఆడపిల్ల ఒక్కసారి పెద్దమనిషి అవుతుంది గాని, నూరేళ్లు బతికినా పెద్దమనుషుల్లో ఒకతె కాలేదు. మాట ఒక్కటే. మగవాడికి దాంతో నోరొస్తుంది, ఆడపిల్లకు దాంతోనే నోరు పోతుంది.

మాటల గురించి ఈ గొడవంతా ఎందుకు, కూలి రేట్ల గురించి రాయండి, తాగుడు గురించి రాయండి అని మన సంఘాల్లోనే కొందరంటారు. కాని కూలి ఎంతో తేల్చేది చాలాసార్లు ఆ పనికి పెట్టిన పేరే. అందుకే ఈ గొడవ.

పత్తి తీసే రోజుల్లో బోథ్ మండలంలో ఏ ఊరికైనా పోయి చూడండి. దసరా దాటిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా, తెల్లారక ముందే ఇంటి పని ముగించుకుని, సద్ది కట్టుకుని, ఆడవాళ్లు గుంపులుగా చేన్లకు పోతారు. నడుముకు కట్టుకున్న గుడ్డలోకి పత్తి తీసి తీసి, ఎండిన కాయ మొనలు గీరుకుని వేళ్ల కొసలు పగులుతాయి. కూలి కిలోల లెక్కన. చేను తమదే అయితే ఆ కూలి కూడా లేదు. పొద్దుగూకి ఇంటికొచ్చాక బోరింగు నీళ్లు, పొయ్యిలోకి కట్టెలు, గొడ్లకు మేత, అందరికీ జొన్నరొట్టెలు. ఆ మనిషిని “ఏం పని చేస్తవమ్మా?” అని అడిగితే “ఏం లేదు మేడం, ఇంట్లనే ఖాళీగుంట” అంటుంది. మొగుణ్ని అడిగితే “మా ఆమె ఏం చెయ్యది” అంటాడు. ఆమె తీసిన పత్తికి తెల్లబంగారం అని పేరు. తీసిన ఆమెకు ఖాళీ అని పేరు.

ఇది ఆమె అమాయకత్వం అని నవ్వి ఊరుకోవడానికి లేదు. సర్కారు కూడా ఆ మాటే రాసుకుంటుంది. జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే ఆడవాళ్లు ‘పని చేయని వారి’ కిందికి వస్తారు. ఒక రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణికి నష్టపరిహారం ఎంత కట్టాలన్న కేసులో, 2010 జూలైలో సుప్రీంకోర్టు ఈ సంగతి ఎత్తి చూపింది. 2001 జనాభా లెక్కలు వంట చేసే, పిల్లల్ని పెంచే, నీళ్లు మోసే ఆడవాళ్లను బిచ్చగాళ్లతో, వేశ్యలతో, ఖైదీలతో కలిపి ఒకే గాటన కట్టాయని తప్పుపట్టింది. ఆమె చచ్చిపోయాక, పరిహారం లెక్క కట్టాల్సి వచ్చినప్పుడు గాని ఆమె చేసింది పనేనని తేలలేదన్న మాట. బతికుండగా అడిగితే ఖాళీ!

ఇంటిపనిని పని కాదనడానికి అలవాటుపడ్డ సర్కారు, అదే పనిని అంగన్‌వాడీకి తెచ్చి పెట్టింది. ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న. పిల్లలకు తిండి, బాలింతలకు, గర్భిణులకు పోషకాహారం, టీకాల లెక్క, బరువుల లెక్క, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా. ఇంత పనికి ఇచ్చే డబ్బుకు ‘గౌరవ వేతనం’ అని పేరు పెట్టారు. తెలుగులో ఇంతకంటే తెలివైన మాట మరొకటి ఉండదేమో. ఎవరైనా పెద్దాయన ఒక పూట వచ్చి ఉపన్యాసం చెబితే చేతిలో పెట్టే కవరు లాంటిది గౌరవ వేతనం. నెలంతా రిజిస్టర్లు రాసే మనిషికి ఆ పేరుతో డబ్బు ఇవ్వడమంటే, నువ్వు ఉద్యోగివి కావు, కార్మికురాలివి కావు, ఏదో దయతో సేవ చేస్తున్నావు అని చెప్పడం. ఉద్యోగి కాకపోతే కనీస వేతనం అడగలేదు. ప్రావిడెంట్ ఫండ్ లేదు, పింఛను లేదు. గౌరవం అన్న ఒక్క మాట సర్కారుకు ఎంత సొమ్ము మిగిల్చిందో లెక్క వేసినవాళ్లు లేరు.

2017లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లను ఇకనుంచి ‘అంగన్‌వాడీ టీచర్లు’ అని పిలవాలంది. డబ్బు కూడా పెంచింది, అది కాదనలేం. కాని పిలుపు మాత్రం టీచరు, హోదా మాత్రం పాతదే. బడిలో టీచరుకు ఉన్న స్కేలు, సెలవులు, పింఛను ఈ టీచరుకు రాలేదు. 2023 సెప్టెంబరులో వాళ్లు సమ్మెకు దిగినప్పుడు అడిగింది కొత్త పేరేమీ కాదు. పర్మినెంటు చెయ్యండి, గ్రాట్యుటీ ఇవ్వండి అన్నారు.

ఆ గ్రాట్యుటీ కథ మనందరం తెలుసుకోవాలి. గుజరాత్‌కు చెందిన అంగన్‌వాడీ మహిళలు సుప్రీంకోర్టు దాకా పోయారు. గౌరవ వేతనం వేతనం కాదు, కాబట్టి 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వాళ్లకు వర్తించదు అన్నది అవతలివాళ్ల వాదన. 2022 ఏప్రిల్ 25న కోర్టు ఆ వాదన కొట్టేసింది. పేరు ఏది పెట్టినా అది చేసిన పనికి ఇచ్చే వేతనమేనని, వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పింది. 1975లో పెట్టిన పేరులోని బొంకును ఒప్పుకోవడానికి 47 ఏళ్లు పట్టింది. మొదటి తరం టీచర్లు చాలామంది అప్పటికే ఉత్తచేతులతో ఇంటికి పోయారు.

‘ఆశ’ సంగతీ అంతే. ఇంగ్లీషు అక్షరాలు కలిపితే అలా వచ్చిందట. 2005లో వచ్చిన ఈ పథకంలో జీతం లేదు, చేసిన పనికింత అని పారితోషికం. జీతం స్థానంలో ఆశ అని ముందే చెప్పారు కాబట్టి వాళ్లను అబద్ధాలకోరులని కూడా అనలేం! ఈ పథకాల్లో పనిచేసేవాళ్లందరినీ కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. ఆ మహాసభలో ప్రభుత్వమూ కూర్చుంది.

బళ్లో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు మరీ వింత పేరు. ఆమె ‘ఏజెన్సీ’. మన జిల్లాలో ఏజెన్సీ అంటే ఆదివాసీ గూడేలుండే ప్రాంతం. బడి దగ్గర ఏజెన్సీ అంటే పొయ్యి ముందు కూర్చున్న ఒక పేద ఆడమనిషి. కిరాణా దుకాణంలో ఉద్దెర తెచ్చి వండుతుంది, బిల్లు ఎప్పుడొస్తే అప్పుడే అప్పు తీరుస్తుంది. వంటమనిషి అంటే జీతం ఇవ్వాల్సి వస్తుంది. ఏజెన్సీ అంటే కాంట్రాక్టరుతో సమానం, లాభనష్టాలు ఆమెవే. 2009లో కేంద్రం ఆమెకు నెలకు 1000 రూపాయలని నిర్ణయించింది, అదీ ఏడాదికి 10 నెలలకే. మిగతా రెండు నెలలు బడి ఉండదు కాబట్టి ఆమెకు ఆకలి కూడా ఉండదని కాబోలు.

చేన్ల దగ్గరా ఇదే వరస. రైతు అంటే మన భాషలో మగవాడే. ఆమె ‘రైతు భార్య’, కాకుంటే ‘కూలి మనిషి’. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకు బంధువైంది గాని, దున్నే కౌలుదారుకు, కలుపు తీసే ఆడదానికి కాలేదు. పట్టా ఆమె పేరున లేకపోతే, అప్పుల బాధతో ఆమె మందు తాగినా అది రైతు ఆత్మహత్య అని రాయించడమే కష్టం. ‘కుటుంబ కలహాలు’ అని రాస్తారు.

ఇక అడవి అంచున తరతరాలుగా పోడు చేసుకునేవాళ్లకు ఫారెస్టు కాగితాల్లో పేరు ‘ఆక్రమణదారులు’. ఈ ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది. హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని కూడా అందులో ఉంది. చట్టం హక్కుదారులన్నా దఫ్తర్‌లో ఆక్రమణదారులే. 2015లో మొదలైన మొక్కల కార్యక్రమానికి హరితహారం అని చక్కటి పేరు పెట్టారు. పోడు చేలల్లో ఆ మొక్కలు నాటడానికి గుంతలు తవ్విన చోట, హారం వేసింది ఎవరి మెడకో ఆ చేలల్లో అడ్డం నిలబడ్డ ఆడవాళ్లకు తెలుసు.

మన ఒంటి మీద జరిగే హింసకు పెట్టిన పేర్లు ఇంకా ఘోరం. చాలాకాలం పత్రికలు ‘మానభంగం’ అని రాసేవి. దాడి చేసింది వాడు, భంగమైంది ఆమె మానం! ఇప్పుడు ‘అత్యాచారం’ అంటున్నారు, నయమే. కాని ఆ మాటను విడదీస్తే అతి ఆచారం. మితంగా చేస్తే ఆచారమేనా అని అడగాలనిపిస్తుంది.

2019 నవంబరు చివరి వారంలో తెలంగాణలో ఇద్దరు ఆడవాళ్లను మూడు రోజుల తేడాతో అత్యాచారం చేసి చంపారు. ఒకామె మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి వస్తువులు అమ్ముకునే దళిత మహిళ. ఇంకొకామె హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలు. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం ఉంది, అది అవసరమే. అందుకే మారుపేర్లు వచ్చాయి. హైదరాబాద్ ఆమెకు ‘దిశ’, మన జిల్లా ఆమెకు ‘సమత’. ఢిల్లీ అమ్మాయిని 2012లో ‘నిర్భయ’ అన్నారు. ఎంత భయంతో ప్రాణం పోయి ఉంటుందో ఆలోచిస్తే ఆ పేరు నోట రాదు. ‘సమత’ పేరు వింటే మాత్రం కోపం వస్తుంది. దిశ కోసం దేశమంతా కొవ్వొత్తులు వెలిగాయి. మన జిల్లా బిడ్డను పట్టించుకోండని దళిత సంఘాలు రోడ్డెక్కి అరవాల్సి వచ్చింది. సమానంగా చూడని మనిషికి సమత అని పేరు పెట్టారు.

దిశ కేసులో నిందితులు నలుగురినీ 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర కాల్చేశారు. దానికి ‘ఎన్‌కౌంటర్’ అని పేరు. మన జిల్లాలో ఈ మాట కొత్త కాదు, ఎందరి తల్లులో ఈ మాట విని శవాల కోసం పోయారు. కాని ఈసారి ఆడవాళ్లే పోలీసుల మీద పూలు చల్లారు. ‘తక్షణ న్యాయం’ అన్నారు. న్యాయానికి విచారణ కావాలి, అది తక్షణం ఎట్లా అవుతుంది? సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. వాళ్లే దోషులో కాదో కోర్టులో తేలే దారి మూసుకుపోయింది. సమత కేసులో ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్ష్యాలు విని 2020 జనవరి 30న తీర్పు చెప్పింది. ముగ్గురికి మరణశిక్ష వేసింది. ఉరి మీద మనలో మనకు భేదాలున్నాయి, అది వేరే చర్చ. విచారణ జరిపి కూడా రెండు నెలల్లో తీర్పు చెప్పవచ్చని తేలింది మన జిల్లాలోనే. దాని మీద మాత్రం ఎవరూ పూలు చల్లలేదు.

‘ఏకగ్రీవ ఎన్నిక’ అనే మాటను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎన్నుకోవడం అంటే ఇద్దరిలో ఒకరిని ఏరుకోవడం. ఒక్కరే నిలబడితే ఏరుకునేదేముంది? 2019 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవం చేసుకున్న ఊరికి 10 లక్షలు ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. మహిళా రిజర్వేషన్ వచ్చిన ఊళ్లో ఈ ఏకగ్రీవం ఎట్లా కుదురుతుందో తెలిసిందే. ముందు చెప్పిన పెద్దమనుషులే కూర్చుంటారు. ఒకాయన భార్య పేరు రాస్తారు. ఆ తెల్లారి నుంచి ఊరంతా ఆయన్ను సర్పంచ్ సాబ్ అంటుంది, ఆమెను అదివరకటి లాగే ఫలానా వాళ్ల పెండ్లాం అంటుంది.

2027 మార్చి 1 తేదీని ఆధారం చేసుకుని కొత్త జనాభా లెక్కలు తీస్తామని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. కిందటి లెక్కల నిర్వచనం ప్రకారం, ఇంటి వాడకానికే అయినా పాడి చూసుకోవడం పనే, సాగు పనే. ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ చేసిన పనికి కూడా వేరే గడి ఉండింది. కాబట్టి లెక్కలవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు మొగుణ్ని మాట్లాడనిచ్చి లోపలికి పోకండి. పాలు పిండుతున్నానని చెప్పండి. పత్తి తీసిన నెలలు, తునికాకు కోసిన రోజులు, ఇప్పపువ్వు ఏరిన వారాలు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి. వంటకు, నీళ్లకు, కట్టెలకు గడి ఎందుకు లేదని అడగండి. ఫారం నింపే టీచరమ్మ దగ్గర దానికి జవాబు ఉండకపోవచ్చు. ఆమె కూడా ఇంట్లో వంట చేసే వచ్చి ఉంటుంది.