బేగంపేట పెట్టె చెప్పిన చలి

హైదరాబాదు నగరమున ఏటేట జనవరి మాసములో చలి కొంచెము ముదిరినదో లేదో, పత్రికలు ఒక పాత తేదీని తవ్వి తీయుట ఆచారమైనది. 1946వ సంవత్సరము జనవరి 8వ తేదీన నగరములో కనిష్ఠ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగినదనియు, వాతావరణశాఖవారి బేగంపేట కేంద్రపు పట్టికలలో అంతకంటె తక్కువ అంకె వేరొకటి లేదనియు తెలిపి, ఈ యేడు ఆ రికార్డు బద్దలగునా యని ఒక ప్రశ్నార్థకమును తగిలించి, మరునాటికి ఆ సంగతి మరచిపోవుదురు. ఆ ముందునాడు ఎట్లుండెను, ఆ మరునాడు ఎట్లుండెను అని అడిగిన విలేఖరి నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఆ దినము మంగళవారము. పార్థివనామ సంవత్సర పుష్య శుద్ధము. సంక్రాంతికి వారము దినములైనను లేవు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి అయిదు నెలలు నిండలేదు. హైదరాబాదు సంస్థానమును ఏడవ నిజాము ఏలుచుండెను. సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్న ఈ పీఠభూమిపై, ఆకాశము నిర్మలమై, గాలి స్తంభించి, ఉత్తరమునుండి దిగివచ్చిన పొడిగాలి నేలనంటియున్న రాత్రులయందు, భూమి పగలెల్ల గ్రహించిన వేడిని అడ్డులేక ఆకాశమునకు విడిచివేయును. కప్పుటకు మబ్బు లేదు, కలుపుటకు గాలి లేదు. కావుననే చలి అర్ధరాత్రమున గాక, సూర్యోదయపు వేళకు పరాకాష్ఠ నందును. ఆ వేళకు లేచి వాకిట నీళ్ళు చల్లు గృహిణికి ఈ శాస్త్రమును ఎవరును బోధింప నక్కరలేదు.

అయితే ఆ 6.1 అను అంకెను పలికినది గృహిణియు కాదు, నెగడు చుట్టు చేరిన జనమును కాదు. తెల్లని రంగు వేసిన ఒక కొయ్యపెట్టె. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తండ్రియు, దీపస్తంభముల ఇంజనీరును అగు థామస్ స్టీవెన్సన్ కల్పించిన ఆ పెట్టె నాలుగు ప్రక్కల వాలురెక్కలు కలిగి, గాలిని రానిచ్చి ఎండను రానీయక, కాళ్ళపై నేలకు నాలుగడుగుల ఎత్తున నిలిచియుండును. అందులోని కనిష్ఠమాపకము అడ్డముగ పరుండబెట్టిన సన్నని గాజుగొట్టము. లోపల ఆల్కహాలు, ఆల్కహాలులో మునిగిన ఒక చిన్న గాజుపుల్ల. చలికి ద్రవము ముడుచుకొనునపుడు దాని అంచుపొర పుల్లను తనతో వెనుకకు లాగికొనిపోవును. ప్రొద్దెక్కి ద్రవము మరల వ్యాపించునపుడు పుల్లను దాటి ప్రవహించునే కాని దానిని కదల్పజాలదు. ఉదయమున పరిశీలకుడు తలుపు తెరచి, పుల్ల కొన ఏ గీతకడ నిలిచినదో చూచి, పుస్తకములో వ్రాసికొని, గొట్టమును వంచి పుల్లను మరల ద్రవపు అంచునకు జారవిడుచును. రాత్రి యంతయు జరిగిన కథకు ఆ పుల్లయే సాక్షి.

ఇచట ఒక చిన్న ముచ్చట. ఆ కాలమున మనదేశమున ఉష్ణోగ్రతను ఫారన్‌హీటు మానములో లెక్కించుచుండిరి. 43 ఫారన్‌హీటు డిగ్రీలను సెల్సియసునకు మార్చి, బిందువు తరువాత ఒక్క అంకెను మాత్రము నిలిపినచో వచ్చునది సరిగా 6.1. కావున మనము ఏటేట భక్తితో వల్లించు ఆ బిందువును, దాని వెనుక ఒకటియు ఆనాటి చలివి గాక, తరువాతి కాలపు గుమాస్తా భాగహారమువి కావచ్చును.

పెట్టె ఎక్కడ నున్నదను ప్రశ్న ఇంతకంటె పెద్దది. 1962 జనవరి 22న బొంబాయిలో శాంతాక్రుజ్ కేంద్రము 7.4 డిగ్రీలను చూపగా, అదే ఉదయమున సముద్రమునంటియున్న కొలాబా కేంద్రము 11.7 చూపెను. నగరమొకటి, ఉదయమొకటి, అంకెలు రెండు. రెండును తమ తమ కేంద్రములకు రికార్డులే. నగరపు చలి యని మనము ఏకవచనములో అనుచున్నది నిజమునకు ఒక ఆవరణలోని చలి. అదియును నాలుగడుగుల ఎత్తున, నీడలోని గాలి చలి. ఇట్టి రాత్రులయందు గడ్డి మొనలకడ ఉంచిన మాపకము పెట్టెలోని దానికంటె కొన్ని డిగ్రీలు తక్కువ చూపును. కళ్ళములో ధాన్యపు కుప్పకు కాపుండి, గొంగడి కప్పుకొని నేలపై పండుకొన్న రైతు ఉండునది ఆ గడ్డి మొనల లోకములోనే. పట్టికలో అతని రాత్రికి చోటు లేదు.

బేగంపేట సంగతికి వత్తము. నాడు నగరపు అంచున నున్న ఆ ప్రదేశము నేడు నగరపు నడిబొడ్డు. అచటి విమానాశ్రయమునుండి ప్రయాణికుల విమానములు 2008లో శంషాబాదునకు తరలిపోయినవి. మేడలు మాత్రము నలుదెసల నుండి వచ్చి చేరినవి. పగలు కాగిన సిమెంటు గోడలు రాత్రి పొడుగునను వేడిని మెల్లమెల్లగ విడుచుచుండగా, పుల్ల పూర్వమువలె దిగదు. శివారులగు పటాన్‌చెరు, రాజేంద్రనగరములలో చలి ఇంకను గట్టిగా దిగుచున్న ఉదయములయందు బేగంపేట అంకె రెండు మూడు మెట్లు పైననే యుండుట అందరును ఎరిగినదే. కావున ఆ రికార్డు నేటికిని చెక్కుచెదరకుండుటను చూచి, తాతలనాటి చలి పోయినదని నిట్టూర్చువారును, ఒకనాడు వణకినంతనే భూమి వేడెక్కుట బూటకమని నవ్వువారును తొందరపడుచున్నారనియే నా అభిప్రాయము. వాతావరణ శాస్త్రజ్ఞులు సగటు కట్టుటకు ముప్పది యేండ్ల లెక్కను కోరుదురు. మనము ఒక్క ఉదయముతో తీర్పు చెప్పుచున్నాము. శివరాత్రికి చలి శివశివా యని పోవునన్న మన పెద్దలైనను ఒక్క యేటిని చూచి ఆ మాట అనియుండరు.

ఇట్టి దీర్ఘకాలపు లెక్క దినదినము ఓపికతో వ్రాసినవారి వలననే కలుగును. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమున విశాఖపట్టణములో గోడె వెంకట జగ్గారావుగారు స్వంత ధనముతో వేధశాల నెలకొల్పగా, ఆయన అల్లుడు నరసింగరావుగారు దానిని నిలిపి, ఆకాశముతో పాటు గాలివానల లెక్కలను గూడ వ్రాయించిరి. అట్టి పుస్తకములలో విశేషదినములు బహు స్వల్పము. ఏమియు జరుగని దినములే కొల్లలు. ఆ నిస్సారదినముల వరుస లేనిచో జనవరి 8 విశేషమని చెప్పుటకు మనకు కొలబద్దయే లేదు.

పత్రికాధిపతులకు నా మనవి యొక్కటే. ఈసారి ఆ అంకెను అచ్చువేయునపుడు, అది ఏ కేంద్రమునదో, ఆ కేంద్రము ఎప్పటి నుండి అచట నున్నదో, దాని చుట్టు కొత్తగా ఏమేమి లేచినవో రెండు పంక్తులలో చేర్పుడు. స్థలము చాలదందురా, మంచులో శాలువ కప్పుకొని నిలుచున్న సినిమా తార చిత్రమును ఒక్క అంగుళము కుదించినచో సరిపోవును.