చల్ది తెలియని చదువు

పోతన భాగవతము దశమస్కంధమున బాలకృష్ణుడు గోపబాలురతో కూడి వనములో చల్దులారగించిన ఘట్టము తెలుగు బాలురకు తరతరములుగ ప్రియమైన పాఠము. తరగతిలో దానిని బోధించునప్పుడు నేటి ఉపాధ్యాయునకు ఒక చిక్కు ఎదురగుచున్నది. సంధులు విడదీయవచ్చును, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పవచ్చును. చల్ది యననేమో చెప్పుటకు మాత్రము మాటలు చాలవు. రాత్రి అన్నము నీటనో మజ్జిగలోనో నాని తెల్లవారునప్పటికి పులిసిన కూడు అని అర్థము వ్రాయించినచో విద్యార్థి కంఠస్థము చేయును. అయినను ఆ పిల్లల ఉల్లాసము వానికి అందదు. ఊరగాయ నంజుకొని చల్ది తిన్న నాలుకకు వ్యాఖ్యానముతో పని లేదు.

ఇది నేటి పిల్లల దోషమని పెద్దలు అనుచుందురు. ఆ మాట న్యాయము కాదు. కంచములోనికి రాని వంటను పిల్లవాడు కాదనుట ఎట్లు? మెట్టసీమలలో జొన్న, సజ్జ, రాగి, కొర్ర తిని పెరిగినవారికి వరియన్నము పండుగనాటి భోజనము. సంకటి, అంబలి, గటక లేమికి గుర్తులు. పలనాటి జొన్నకూటిని పరిహసించిన చాటువులు శ్రీనాథుని పేర ప్రసిద్ధములు. ఆ పలనాటికే 1967లో నాగార్జునసాగరు కాలువల నీరు వచ్చినది. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము ఇచ్చినది. తాను అంబలి త్రాగి పెరిగిన తల్లి తన బిడ్డకు తెల్లని అన్నము వడ్డించి సంతోషించెను. ఆమెను తప్పు పట్టువాడు ఆకలి ఎరుగనివాడు. మన వంటలలో పెక్కు ఇట్లు ప్రేమ వలననే పోయినవి.

అయితే లేమిని వదలించుకొను తొందరలో ఒక విద్యను కూడ వదలుకొంటిమి. జొన్నరొట్టె సంగతి చూడుడు. జొన్నపిండికి గోధుమపిండి వలె సాగు గుణము లేదు. వేడినీటితో కలిపి, బాగుగ మర్దించి, అరచేతితో తట్టుచు త్రిప్పుచు పలుచన చేయవలెను. నీరు ఎంత కాగవలెను, పిండి ఎంత మెదగవలెను అనునది అమ్మమ్మ ప్రక్కన కూర్చున్న మనుమరాలి చేతికి తెలియును. తరవాణి కుండయు అట్టిదే. నిన్నటి పులుపు నేటి గంజిని పులియజేయును. నడుమ కొన్నాళ్లు కుండ ఎండినచో మరల మొదటినుండి ఆరంభింపవలసినదే.

మాటలకును అదే గతి పట్టినది. రాగులను ఉత్తరాంధ్రమున చోళ్లనియు, తెలంగాణమున తైదలనియు అందురు. సజ్జలకు కోస్తాలో గంట్లని పేరు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ ప్రకటించిన పిదప ఈ ధాన్యములకు గౌరవము హెచ్చినది. సంతోషమే. కాని పట్టణపు అంగళ్లలో అవి అందమైన పొట్లములలో ‘మిల్లెట్స్’ అను ఒక్క పేరుతో అమ్ముడగుచున్నవి. కొర్రకు, సామకు, ఊదకు, అరికకు భేదము తెలియకయే కొనుచున్నాము. ధాన్యము తిరిగి వచ్చినది. దాని పేరును, దానిని వండు నేర్పును వెనుకనే నిలిచిపోయినవి.

సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములవారు పాత విత్తనములను బండ్లపై అలంకరించి, సంక్రాంతి దినములలో ఊరూర పాతపంటల జాతర జరుపుచు వచ్చిరి. పొలము పనిచేసి బ్రదుకు స్త్రీలే అచ్చట గురువులు. ఆ గౌరవమును మన ఇండ్లలోని వృద్ధులకు పాఠశాల ఇయ్యలేదా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2023 మార్చిలో రాగిజావ పంచుట ఆరంభమైనది. కడుపునకు అది మేలు. మిగిలిన మేలు ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది. చల్దుల ఘట్టము చెప్పిన దినమున, ఇంటి పెద్దలను అడిగి ఒక వంట వివరము వ్రాసికొని రమ్మని ప్రతి విద్యార్థికిని చెప్పవలెను: ధాన్యము పేరు, దంచిన లేక విసరిన తీరు, వండిన పాత్ర, నంజుకొన్న పచ్చడి, తిన్న వేళ. సంవత్సరాంతమునకు అది ఆ ఊరి నిఘంటువగును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. లేమికి గుర్తని ఇన్నాళ్లు దాచుకొన్న సంగతిని మనుమడు పుస్తకము తెరచి అడిగినప్పుడు ఆ అవ్వకు సిగ్గు తీరును. ఒకసారి వండి చూపుమని కూడ వాడు అడిగినచో, చల్దికి అర్థము చెప్పు శ్రమ ఉపాధ్యాయునకు తప్పును.