చేతిపనులు: తోలు ఆకులు, తోలు పూవులు



చేతిసంచులకును, దిండ్లకును, పుస్తకముల అట్టలకును తోలుతో కోసిన చిన్న ఆకులు, పూవులు, మామిడిపిందెలు, చుక్కలు కుట్టి అలంకరించుట మన స్త్రీలలో కొందరికి వేడుక, మరికొందరికి జీవనాధారము. ఒక్క ఆకును కోయుట ఎవరికైనను సాధ్యమే. నూరాకులను ఒక్కరీతిగా కోయుటలోనే కష్టమున్నది. మొదటి పది ముచ్చటగా వచ్చును; ముప్పదియవ దానికి బొటనవ్రేలు నొచ్చును; అరువదియవ దానికి అంచు వంకరపోవును. ఇది చేతి దోషము కాదు. ఇట్టి పనిలో సగము భాగము కత్తి పట్టకమునుపే పూర్తి కావలయును. ఆ సగమును గూర్చియే ఈ మాసమున ముఖ్యముగా వ్రాయుచున్నాను.

మొదట తోలు ఎన్నిక. తంగేడుచెక్క, కరక్కాయ మొదలగువానితో పదునుచేసిన తోలు ఒక విధము; క్రోము లవణములతో పదునుచేసినది మరియొక విధము. మొదటిది బిగువుగా నుండును. కోసిన అంచును తడిగుడ్డతో రుద్దినచో నునుపెక్కును. రెండవది మెత్తగా వ్రేలాడును. దాని అంచు అట్లు నునుపెక్కదు. కోసినచోట నడుమ తరచుగా నీలిచాయ కనబడును. చెవులకు వ్రేలాడు ఆకులకు, తాళపుచెవుల గుత్తులకు మొదటిదియే తగును. గుడ్డమీద పరచి కుట్టుటకు రెండవది చాలును. మందము ఒక మిల్లీమీటరు మొదలు ఒకటిన్నర వరకు ఉన్నచో కోయుటకు సులభము. జంతువు వీపుభాగపు తోలు గట్టిగా, సమముగా నుండును, పొట్టభాగపుది సాగును. ఒకే కొలతకు రావలసిన ముక్కలను వీపుభాగమునుండి తీయుడు; పొట్టభాగమును చేయి తిరుగుటకై ఉంచుకొనుడు.

తరువాత గీత. దళసరి అట్టతోనో, పలుచని రేకుతోనో ఒక మచ్చు కోసి, తోలు వెనుకవైపున దానినుంచి చుట్టును గీయుడు. నునుపువైపున సిరాకలముతో గీచినచో ఆ మరక పోదు. వెనుకవైపున గీచునప్పుడు కుడియెడమలు తారుమారగునని మరువరాదు. గుండ్రని చుక్కకు దీనివలన బాధలేదు గాని, తోక ఒకవైపునకు వంగిన మామిడిపిందెకు మచ్చును తిరగవేసి గీయవలయును.

మూడవది అమరిక. తోలు వెల ఎక్కువ గనుక ఈ లెక్కను శ్రద్ధగా చూడుడు. 30 సెంటీమీటర్ల చదరపు తోలులో, నడుమ సందుతో కలిపి 2 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని చుక్కలను వరుస క్రింద వరుసగా నిలిపినచో 225 వచ్చును. అట్లుగాక, తేనెపట్టులోని గదులవలె రెండవ వరుసను మొదటి వరుస సందులలోనికి జరిపినచో 247 వచ్చును. తోలు అదియే, కత్తి అదియే. చుక్కలు మాత్రము 22 ఎక్కువ.

ఇక కోత. పదియిరువది ముక్కలకు పదునైన చిన్న కత్తెర చాలును. లోపలికి నొక్కుగల ఆకారములకు, మూలయందు ముందుగా చిన్న రంధ్రముచేసి, కత్తెరను ఆ రంధ్రమువరకు నడిపినచో తోలు చీలదు. ముక్కలు నూరు దాటునప్పుడు కత్తెర మానుట మేలు. గుండ్రని చుక్కలకు గొట్టమువంటి ఉక్కు ఉలి యుండును. దీనిని అంగళ్ళలో పంచ్ అందురు. ఆకులకు, పూవులకు అంచు పదునుపెట్టిన ఉక్కుపట్టీని ఆ ఆకారమున వంచి చేసిన అచ్చులు దొరకును. కొయ్యసుత్తితో నిలువుగా ఒక్క దెబ్బ కొట్టవలయును. అచ్చు కదలి రెండవ దెబ్బ పడినచో అంచు రెండుగా తెగును. క్రింద రాయిగాని ఇనుముగాని పెట్టినచో ఉలి మొద్దువారును. చింతమొద్దును అడ్డముగా కోసి, ఆ కోసిన ముఖము పైకి వచ్చునట్లుంచినచో ఉలియంచు కొయ్యనారల నడుమ దిగి చెడకుండును. కత్తి వాడునప్పుడు రెండవ చేయి ఎల్లప్పుడును కత్తి నడచు దారికి వెనుకనే యుండవలయును. పసిపిల్లలను దగ్గరకు రానీయకుడు.

ఈ విద్యలో మనకు గురువులు దూరమున లేరు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము దాపుననున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబము లున్నవి. వారు మేకతోలును శుభ్రపరచి, వెంట్రుకలు తీసి, సాగదీసి ఆరబెట్టి, వెలుతురు ప్రసరించునంత పలుచగా చేయుదురు. పిదప చిన్న ఉలులతో వేలకొలది రంధ్రములు కొట్టుదురు. రాముని కిరీటము, సీత హారములు తెరమీద మెరయుట ఆ రంధ్రములగుండ వచ్చు దీపపు వెలుగువలననే. మనము కోసిన ముక్కను ఉంచుకొందుము. వారు ముక్కను పారవైచి ఖాళీనే నగగా చేయుదురు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. ఇప్పుడు అచట దీపములకు తోలుగొడుగులు, గోడకు వ్రేలాడదీయు చిత్తరువులు గూడ చేయుచున్నారు.

వారినిచూచి మనము నేర్వదగిన దొకటి కలదు. చుక్కలను తీసిన తరువాత మిగిలిన రంధ్రముల తోలును చెత్తలో వేయకుడు. మొదటినుండియు రంధ్రములు వరుసగా వచ్చునట్లు కోసినచో, ఆ మిగులు వెనుక రంగుగుడ్డ వేసి కుట్టగా సంచికి చక్కని అంచగును.

తోలుపని యన్న ముఖము చిట్లించు పెద్దలు ఇప్పటికిని కొన్ని యిండ్లలో నున్నారు. మృదంగముపై మూసినది తోలే గదా! దేవుని సన్నిధిని ఆ నాదము పవిత్రమైనప్పుడు, ఆ తోలును సిద్ధపరచిన చేయి అపవిత్ర మెట్లగును? తరతరములుగా ఈ పనిచేసినవారిని దూరముంచి, వారి పనితనమును మాత్రము మనము వాడుకొంటిమి. నేడు వేడుకకై కత్తిపట్టిన మనము, వారి ముందు కూర్చుండి నేర్చుకొనుటకు సిగ్గుపడరాదు. ఉలికి పదునుపెట్టుట మొదలు తోలు మంచిచెడ్డలు గుర్తించుట వరకు ఊరిలోని చెప్పులుకుట్టు వృద్ధుడు ఒక్కపూటలో చూపగలిగినది పుస్తకము చూపలేదు. నేర్పినందుకు ఆయనకు తగిన రుసుము ఇచ్చుట మన ధర్మము.

ఇదే న్యాయము మన పనికిని వర్తించును. తాము చేసిన వస్తువులకు వెల కట్టునప్పుడు తోలు, దారము, జిగురు మాత్రమే లెక్కించి, తమ గంటలను లెక్కింపని సోదరీమణు లనేకులు. ‘ఇంటిపని తీరినపిదప చేసినదే గదా’ యని సరిపెట్టుకొందురు. ఈసారి గడియారము దగ్గరనుంచుకొని పది ఆకులు కోయుడు. గీయుటకు, కోయుటకు, అంచు రుద్దుటకు పట్టిన నిమిషములను వ్రాసి పదింతలు చేయుడు. నూరాకుల కాలము తెలియును. ఆ గంటలకు మీ ఊరిలో దర్జీపనికి ఇచ్చు కూలి ఎంతయో అంతకు తక్కువ కాకుండ వెలలో చేర్చుడు. అదే లెక్కను అచ్చుతో కోసి మరల చూచినచో, అచ్చు కొనుటకైన వ్యయము ఎన్ని నూరులలో తిరిగి వచ్చునో గూడ తేలును. అడిగినవారికి ఈ కాగితమే చూపవచ్చును. బేరమాడు నోటికి కాగితముపై లెక్క మంచి సమాధానము.

మొదటి ప్రయత్నమునకు ఒకే ఆకారమును, ఒకే కొలతను ఎన్నుకొనుడు. ఇరువదియైదు ముక్కలు కోసి, చేయికి విశ్రాంతినిచ్చి, పదును చూచి, మరల మొదలిడుడు. మీ అమరికలను, అనుభవములను మాకు వ్రాసినచో ఇతర సోదరీమణులకు ఉపయోగపడును.