తలా ఓ గిన్నె.. తలా ఓ పేజీ!

కార్తీక మాసం, ఆదివారం. కాలనీ పార్కులో ఉసిరి చెట్టు కింద జంపఖానాలు పరిచారు. ఇంటికో గిన్నె వచ్చి వరసలో కూర్చుంది. మూతలు తీస్తే.. పులిహోర, దద్దోజనం, పులిహోర, బంగాళదుంప వేపుడు, మళ్లీ పులిహోర!

ఇంటికో వంటకం చొప్పున తెచ్చుకుని నలుగురూ కలిసి తినడాన్ని ఇప్పుడు ‘పాట్‌లక్’ అంటున్నారు. అపార్ట్‌మెంట్లలోనూ, ఆఫీసుల్లోనూ, అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ అదే మాట. పేరు కొత్తదే కానీ పని పాతదే. ఎవరేం తేవాలో ముందుగా అనుకోకపోతే పులిహోరల పోటీ తప్పదు. అనుకున్నా ఇంకో చిక్కుంది. తినడం అరగంటలో అయిపోతుంది. ఆ తర్వాత మగవాళ్లు ఓ పక్క, ఆడవాళ్లు ఓ పక్క, పిల్లలు సెల్‌ఫోన్ల పక్క!

రెండు చిక్కులకూ కలిపి ఒక మందుంది. గిన్నెతో పాటు ఒక పేజీ కూడా తెమ్మనడం. ఆ వంట గురించో, ఆ తిండి గురించో, అది దొరకనివాళ్ల గురించో తెలుగులో ఎవరో ఒకరు రాసే ఉంటారు. దాన్ని వెతికి పట్టుకురావాలి. మూత తీసేముందు చదవాలి. ఐదు నిమిషాలు మించకూడదు. కూర చల్లారిపోతే ఆ పాపం కవిదే అవుతుంది మరి.

భోజనం అనగానే అందరికీ ‘మాయాబజార్’ గుర్తొస్తుంది. 1957 నుంచీ అంతే. పుస్తకం పట్టుకోవడానికి మొహమాటపడేవాళ్లతో అందులో శర్మ, శాస్త్రి గోంగూర కోసం చేసే హడావుడిని అభినయించమంటే సరి, గోంగూర పచ్చడికి అంతకన్నా మంచి జోడీ లేదు. ఆవకాయ జాడీ తెచ్చేవారికి భానుమతి రాసిన అత్తగారి కథలున్నాయి. వాటిలో ‘అత్తగారూ ఆవకాయ’ ఉండనే ఉంది. పునుగులు వేసి తెచ్చేవారు శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’ తిరగేయొచ్చు. ‘పుణుకుల బుట్టలో లచ్చితల్లి’ అని పేరులోనే ఘుమఘుమలున్న కథ ఒకటి, ‘భోజన చక్రవర్తి’ మరొకటి. అన్నీ రెండు మూడు పేజీల కథలే కాబట్టి పైకి చదవడానికి అనువుగా ఉంటాయి. పిల్లలకైతే బకాసురుడి కథ. బండెడు అన్నం రాక్షసుడికి తోలుకెళ్లి, దాన్ని తనే ఆరగించిన భీముడు వాళ్లకు నచ్చకపోతే కదా!

ఇవి తేలిక జోడీలు. నవ్వుకుని, తిని, చేతులు కడుక్కోవచ్చు. కాస్త ఓపిక పడితే వీటికన్నా రుచైనవి దొరుకుతాయి.

రాజుగారి వంటిల్లు

శ్రీకృష్ణదేవరాయలు యుద్ధాలు చేశాడు, భువనవిజయం నడిపాడు.. ఇవి పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. ఆయనకు వంటింటి సంగతులు ఎంత బాగా తెలుసో ‘ఆముక్తమాల్యద’ చదివితే తెలుస్తుంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి ఇంటికి వచ్చే వైష్ణవ అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవారో మూడు పద్యాల్లో పూసగుచ్చినట్లు చెప్పాడు. వానాకాలమైతే అన్నం, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, ధారాళంగా నెయ్యి. వేసవైతే ముందు ఒంటికి చందనం. ఆపైన గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పల్చటి అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్లు, వడపిందెలు, నీళ్లమజ్జిగ. చలికాలమైతే కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడి చల్లిన వేడి వేడి కూరలు, ముక్కు అదరగొట్టే ఆవ పెట్టిన పచ్చళ్లు, పాయసం, చెయ్యి చురుక్కుమనే నెయ్యి.

జాగ్రత్తగా చూస్తే ఈ వంటల్లో ఎక్కడా మిరపకాయ లేదు. మిరప మన దేశానికి పోర్చుగీసువారితో వచ్చిన పంట. రాయలు రాజ్యం చేసిన 1509-1529 నాటికి తెలుగు వంటిళ్లలో కారమంటే మిరియం, ఆవ. గుంటూరు వైపువాళ్లు ఉన్న కాలనీలో ‘మిరపకాయ తగలకుండా ఒక పూట వంట’ అని పందెం పెట్టి చూడండి. ఆ ఒక్క పద్యం మీద గంటసేపు మాటలు నడుస్తాయి.

అయితే వానాకాలం పద్యంలో అసలు చూడాల్సింది వంటకాల జాబితా కాదు. ముసురు పట్టినప్పుడు కట్టెలు తడిసిపోతాయి. తడికట్టె రాజేస్తే పొగ. ఆ పొగ ఇల్లాలి కళ్లలోకి పోకుండా కొబ్బరి చిప్పలు ముట్టించి వండించేవారట. సింహాసనం మీద కూర్చున్న మనిషికి పొయ్యి ముందు కూర్చున్న మనిషి కళ్లు గుర్తుకు రావడం.. పప్పులో నెయ్యి వేసుకునే ముందు ఆ మాట ఒకసారి చెప్పుకోవాలి.

పద్యం కష్టమని భయపడక్కర్లేదు. టీకా తాత్పర్యాలున్న ప్రతులు శాఖా గ్రంథాలయాల్లో వెతికితే దొరుకుతాయి. ముందు భావం మామూలు మాటల్లో చెప్పేసి, తర్వాత పద్యం చదివితే పిల్లలు కూడా వింటారు. భావం చెప్పకుండా రాగం తీస్తే మాత్రం పెద్దలే లేచిపోతారు.

పల్నాటి ముద్ద

ఇక శ్రీనాథుడు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా పనిచేసిన కవి. సన్నబియ్యం, మంచి నెయ్యి అలవాటైన నాలుక. పల్నాడు వెళ్లేసరికి ఆ నాలుకకు జొన్నకూడు తగిలింది. కోపం వచ్చింది. ఆ కోపంలోంచి వచ్చినవని చెప్పే చాటుపద్యాలు ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాయి. ఒకదాంట్లో సాక్షాత్తూ కృష్ణుడికే సవాలు విసురుతాడు. పూతన పాలు తాగానని, కార్చిచ్చు మింగానని గొప్పలు పోవడం కాదు.. చింతచిగురు వేసి వండిన ఉడుకు బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపించు, అప్పుడు చూద్దాం నీ పస అంటాడు.

చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ నవ్వు ఆగేలోపు ఆ వంటే వడ్డించాలి. బచ్చలి ఆకు తరిగి, అరచేతుల్లో నలిపిన చింతచిగురు కలిపి ఉడికించి, ఆవాలు, వెల్లుల్లి పోపు పెడితే చాలు. కార్తీకంలో లేత చిగురు దొరకదు కాబట్టి ఎండబెట్టి దాచింది నానబెట్టుకోవాలి. పక్కన జొన్న సంగటి ముద్ద. కృష్ణుడి సంగతేమో కానీ, ఈ రోజుల్లో ఆ కూర వద్దనే తెలుగువారు తక్కువ!

కానీ ఇలాంటి గిన్నె ఎవరూ తీసుకురారు. ‘నలుగురిలో సంగటి, అంబలి పెడితే పరువు పోదూ’ అని ఏ బామ్మో అడ్డుపడుతుంది. బామ్మ మాటను కొట్టిపారేయకూడదు. మెట్టప్రాంతాల్లో ఆమె చిన్నతనంలో చాలా ఇళ్లకు వరన్నం పండగనాటి వంటకం. మిగతా రోజులన్నీ జొన్నలు, సజ్జలు, రాగులే. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలాక పల్నాట్లోనూ పొలాల రంగు మారింది. 1983లో కిలో బియ్యం రెండు రూపాయలకే ఇచ్చాక కంచాల రంగు కూడా మారింది. వరన్నం తినడమంటే కష్టాలు గట్టెక్కినట్లు. అంత కష్టపడి దాటొచ్చిన ముద్దను మళ్లీ నలుగురి ముందు పెట్టమంటే ఆమెకు చిన్నతనమే మరి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిందనీ, షుగరు ఉన్నవాళ్లకు డాక్టర్లే జొన్నరొట్టె తినమంటున్నారనీ మనవరాలు ఎంత చెప్పినా బామ్మకు ఆ పాత కంచమే గుర్తొస్తుంది.

అందుకే శ్రీనాథుడి పద్యం ఒక్కటే చదివి ఆపేయకూడదు. ఆయనకు ముద్ద దిగలేదు, ఎందుకంటే ఆయనకు వేరే అన్నం తెలుసు. ఆ ముద్ద మీదే బతికినవాళ్లు ఆ పద్యంలో లేరు. వాళ్ల కోసం ఐదొందల ఏళ్లు ఆగాలి. అదే పల్నాటి సీమలోని వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ తెచ్చాడు. అందులో కథానాయకుడు గుడిలోకి అడుగుపెట్టే వీల్లేని అరుంధతీసుతుడు. గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు కాబట్టి తన బాధ శివుడికి చెప్పమని దాన్నే బతిమాలుకుంటాడు. ఆ మనిషిని పరిచయం చేస్తూ జాషువా చెప్పే మొదటి గుణాల్లో ఒకటి.. గుప్పెడు బువ్వ దొరికితే కష్టాలన్నీ మరిచిపోతాడట.

ఒకరికి ముద్ద దిగక పద్యం పుట్టింది. ఇంకొకరికి ముద్ద అందక పద్యం పుట్టింది. రెండూ ఒకే సీమవి. ఈ రెండింటినీ వెంటవెంటనే చదివించి, ఆ తర్వాత అంబలి గ్లాసులు అందించాలి. చేయడం ఏమంత పని కాదు. గుప్పెడు జొన్నపిండిని రాత్రి గ్లాసుడు నీళ్లలో కలిపి ఉంచాలి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, ఉండ కట్టకుండా తిప్పుతూ ఆ పిండినీళ్లు పోయాలి. కాస్త చిక్కబడ్డాక దించి చల్లార్చి ఉప్పు, మజ్జిగ కలపాలి. పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క.

పల్నాడుకే చెందిన ఇంకో సంగతి కూడా ఆ పూటకు బాగా కుదురుతుంది. పన్నెండో శతాబ్దం నాటి పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడు ‘చాపకూడు’ పెట్టించాడని చెబుతారు. ఒకే చాప మీద అన్ని కులాలవాళ్లూ కలిసి కూర్చుని తినడం. దళితుడైన కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనాపతిని చేసిందీ ఆయనే. ఆ కథను ద్విపదగా చెప్పిన ‘పల్నాటి వీరచరిత్ర’ కూడా శ్రీనాథుడి పేరు మీదే ఉండటం విశేషం. కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు జరిగే వీరుల ఉత్సవాల్లో చాపకూడు ఇప్పటికీ ఉంది.

అదే కార్తీకంలో ఊరూరా కులాల వారీగా వనభోజనాల ఫ్లెక్సీలు కూడా వెలుస్తాయి. ఫలానావారి కార్తీక వనసమారాధన, ఫలానావారే రండి అని! ఉసిరి చెట్టు ఒకటే, చాపలు మాత్రం వేరు. కాలనీ పాట్‌లక్‌కు ఈ తంటా లేదు. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో ఎంచుకునే వీలుండదు కాబట్టి ఎవరి గిన్నెలోంచైనా గరిట ముంచుకోవాల్సిందే. అందులో ఉన్న మంచి అదే. అయినా ‘మేం మా గిన్నెలోదే తింటాం’ అనేవాళ్లు ఒకరిద్దరు ఉండనే ఉంటారు. వాళ్లకు చాపకూడు కథ చదివే బాధ్యత అప్పగిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకో పేచీ. ఈ ఏర్పాటు అంతా విని కాలనీల్లో ఏం చేస్తారో ముందే ఊహించొచ్చు. ఆడవాళ్లు వండుతారు, మగవాళ్లు చదువుతారు. మైకు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఒకే ఒక నియమం గట్టిగా పెట్టుకోవాలి. వండినవారే చదవాలి, చదవాలనుకునేవారు వండాలి. పద్యం బాగా పాడే బ్యాంకు మేనేజరుగారు కనీసం కొబ్బరి పచ్చడైనా సొంతంగా నూరుకురావాలి. ఇరవై ఇళ్లుంటే ఇరవై ఇళ్లకూ సరిపడా ఎవరూ వండనక్కర్లేదు. ఎనిమిది మందికి చాలినంత చేస్తే అందరికీ తలా ఓ గరిటెడు వస్తుంది. గ్యాసూ మిగులుతుంది, నడుమూ మిగులుతుంది.

విమల రాసిన ‘వంటిల్లు’ కవితను మాత్రం భోజనాలకు ముందు చదవొద్దు. దాన్ని చివరికి ఉంచాలి. అమ్మ జీవితమంతా వంటింట్లో ఎలా కరిగిపోయిందో కూతురు చెప్పే కవిత అది. అంతా చేసి ఆ ఇంటి గిన్నెల మీద ఉన్న పేరు ఎవరిదని చూస్తే.. నాన్నది. విందు ముగిశాక గిన్నెలు కడిగి బోర్లించి, ఎవరివి వాళ్లకు ఇచ్చేందుకు అడుగున చెక్కిన పేర్లు చదువుతారే.. సరిగ్గా అప్పుడు చదవాలి దాన్ని.

గిన్నెలన్నీ ఇళ్లకు చేరినా మూతలు మాత్రం మారిపోతాయి. ఏ పాట్‌లక్‌లోనైనా ఇది తప్పదు. మర్నాడు పొద్దున్నే మీ మూత పట్టుకుని పక్కింటావిడ వస్తారు. వచ్చినవారు నిన్న చదివిన పుస్తకం ఓసారి ఇస్తారా అని అడిగితే కాదనకండి. కాకపోతే పుస్తకాలు గిన్నెలంత త్వరగా తిరిగి రావు. ఇచ్చేముందు మొదటి పేజీలో పేరు రాసి ఇవ్వండి. మీ పేరే.