పాడిల్ కిట్టుకూ ఒక ముద్ర ఉండాలి

దసరా దగ్గరపడే కొద్దీ ముంబై పక్కన మా భివండి పద్మనగర్‌లో కార్ల పని పెరుగుతుంది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ వైపు సొంతూళ్లకు పోయేవాళ్లు బ్రేకులు, టైర్లు, ఏసీ చూపించుకోవడానికి వరస కడతారు. ఈ మధ్య ఆ పనుల్లో ఇంకోటి చేరింది. "అన్నా, నా బండికి పాడిల్ షిఫ్టర్లు రాలే. బయట కిట్టు దొరుకుతదట గదా, పెడ్తవా?" అని అడుగుతున్నారు. అడిగేది ఎక్కువగా పాతికేళ్ల పిల్లలు. వాళ్ల తండ్రులు సాంచాలు (మరమగ్గాలు) నడిపారు. వీళ్లు మాన్‌కోలి గోదాముల్లో సూపర్‌వైజర్లు, ఠాణేలో ఆఫీసు ఉద్యోగులు. ఇంటికి మొదటి కారు, అదీ ఆటోమేటిక్ సెడాన్, చాలాసార్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది.

నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. సాంచాల మోటార్ల దగ్గర వైరింగ్ నేర్చుకుని కార్లలోకి వచ్చినవాణ్ణి. ఈ కోరికను కుర్రతనం అని కొట్టిపారేసే పెద్దలతో నేను ఏకీభవించను. పాడిల్ పనికొచ్చే వస్తువే. దాన్ని ఇప్పుడు బిగిస్తున్న పద్ధతి మాత్రం ప్రమాదకరం. సరైన పద్ధతి ఒకటి తయారుచేయాల్సిన బాధ్యత కార్ల కంపెనీలదీ ప్రభుత్వానిదీ. ఇద్దరూ ఆ పని చేయడం లేదు.

పాడిల్ షిఫ్టర్లంటే స్టీరింగ్ వెనక ఉండే రెండు రెక్కలు. కుడి రెక్క లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది. 1989లో ఫెరారీ 640 అనే రేసు కారుకు జాన్ బార్నార్డ్ ఈ ఏర్పాటు చేశాడు. ఆ ఏడాది బ్రెజిల్‌లో తొలి పందేన్నే నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. 1997లో ఫెరారీ ఎఫ్355తో అది రోడ్డు మీదికి దిగింది. మన దేశంలో 2006లో వచ్చిన హోండా సివిక్ ఆటోమేటిక్‌లో జనం దాన్ని చూశారు. 2022 నాటికి మారుతి ఎర్టిగాలో కూడా వచ్చేసింది. ఏడుగురు కూర్చుని పెళ్లికి పోయే బండిలోకి వచ్చిందంటే అది ఇక షోకు వస్తువు కాదు.

మావాళ్లకు దాని అవసరం ఎక్కడ పడుతుందో చెప్తాను. కళ్యాణ్ నుంచి మురబాడ్, మాళ్‌శేజ్ ఘాట్, అహిల్యానగర్, పర్భణి, నాందేడ్, భైంసా మీదుగా నిర్మల్ పోయే రోడ్డు మాకు ఊరి దారి. పాత లెక్కలో అది 222వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 61. పోయేటప్పుడు మాళ్‌శేజ్ ఎక్కడం పెద్ద కష్టం కాదు. పండగ చేసుకుని వెనక్కి వచ్చేటప్పుడు, రాత్రంతా నడిపిన కాళ్లతో, డిక్కీ నిండా బియ్యం బస్తాలు, పచ్చళ్ల డబ్బాలతో ఆ ఘాటు దిగాలి. వానాకాలమైతే పొగమంచు, కొండ మీంచి రోడ్డు మీద పడే నీళ్లు, సెల్ఫీల కోసం అడ్డంగా ఆగిన బండ్లు. నాసిక్ వైపు పోయేవాళ్లకు 2025 జూన్‌లో సమృద్ధి మహామార్గం మా పక్కనున్న ఆమ్‌ణే దాకా పూర్తయింది, కసారా ఘాటు బాధ సొరంగంతో తప్పింది. మాళ్‌శేజ్‌కు అలాంటి సొరంగం లేదు.

ఆటోమేటిక్ బండిని డి (డ్రైవ్) లో వదిలేసి ఘాటు దిగితే గేర్‌బాక్సు తనంతట తాను పై గేరుకే పోవాలని చూస్తుంది. పెట్రోలు ఆదా కోసం దానికి అలా నేర్పారు. పై గేరులో ఇంజను బండిని పట్టుకోదు. అప్పుడు భారమంతా బ్రేకు మీద పడుతుంది. కాలు తీయకుండా తొక్కుతూ వస్తే ప్యాడ్లు, డిస్కులు కాలిపోతాయి. బ్రేకు ఆయిలు పాతదైతే దానిలో చేరిన తేమ మరిగి ఆవిరవుతుంది, పెడలు మెత్తగా కిందికి పోతుంది. ఆ వాసన, ఆ మెత్తదనం ఒక్కసారి అనుభవించినవాడు మళ్లీ మర్చిపోడు. గేరు తగ్గిస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకు ఊపిరి పీల్చుకుంటుంది. లారీ డ్రైవర్లకు ఇది తాతల నాటి విద్య.

ఇక్కడే పిల్లలకు ఒక మాట చెప్తుంటాను. గేరు తగ్గించే సౌకర్యం మీ బండిలో ఇప్పటికే ఉంది. లీవరును డి నుంచి పక్కకు జరిపితే ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. కొన్ని బండ్లలో డి కింద ఎస్ అనో ఎల్ అనో ఉంటుంది. పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లలో 2, ఎల్ ఉంటాయి, లీవరు పక్కన ఓవర్‌డ్రైవ్ ఆపే బటన్ ఉంటుంది. కారు కొని ఏళ్లయినా వాటిని ముట్టుకోనివాళ్లే ఎక్కువ. వాళ్ల తప్పేం లేదు. డ్రైవింగ్ స్కూల్లో మూడు పెడళ్ల బండి మీద నేర్పారు, షోరూంలో తాళం చేతికిచ్చి ఫొటో దిగారు. మధ్యలో ఆటోమేటిక్ ఎలా నడపాలో చెప్పినవాళ్లు లేరు. కిట్టు అడగడానికి వచ్చినవాణ్ణి ముందు బండిలో కూర్చోబెట్టి లీవరు జరిపిస్తాను. ఇంజను శబ్దం మారి బండి నెమ్మదించగానే వాడి ముఖంలో ఆశ్చర్యం కనిపిస్తుంది.

అయినా పాడిల్‌కు ఒక నిజమైన మేలుంది. ఘాట్లో మెలిక తిరిగేటప్పుడు రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి. ఆ సమయంలో ఎడమ చెయ్యి తీసి లీవరు వెతకడం మంచిది కాదు. చేతులు కదలకుండా వేలితో గేరు తగ్గుతుందంటే అది భద్రత కిందికే వస్తుంది. సీవీటీ గేర్‌బాక్సులో నిజం గేర్లుండవు. అయినా హోండా సిటీ సీవీటీలో పాడిల్ లాగితే ఏడు మెట్లుగా పనిచేసి ఇంజను బండిని పట్టేలా చేస్తుంది. మరీ తప్పు గేరు అడిగితే కంప్యూటర్ ఒప్పుకోదు కాబట్టి ఇంజను పాడవుతుందన్న భయమూ అక్కర్లేదు.

మరి అభ్యంతరం ఎక్కడ? బయట దొరికేవి అన్నీ ఒకటి కావు. ఉన్న పాడిల్ మీద అతికించే అల్యూమినియం తొడుగులు కొన్ని, వాటి సంగతి వదిలేద్దాం. రెండో రకం, అదే కంపెనీ పై వేరియంట్ స్టీరింగునో, పాడిల్ స్విచ్చులనో తెచ్చి బిగించి, బండి కంప్యూటర్‌కు కోడింగ్ చేసి చెప్పడం. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లవాళ్లు దీన్ని ఎక్కువగా చేయిస్తారు. మూడో రకం ఏ బండికైనా సరిపోతుందని అమ్మే కిట్లు. స్టీరింగ్ మీద చిన్న బ్యాటరీతో నడిచే బటన్లు, లీవరు కింద వాటి సంకేతం అందుకునే డబ్బా, ఆ డబ్బా నుంచి లీవరులోని ప్లస్, మైనస్ స్విచ్చుల వైర్లకు కత్తిరించి వేసిన అతుకులు. లీవరుకు అసలు ప్లస్ మైనసే లేని బండికి కూడా వీటిని అంటగట్టేవాళ్లున్నారు.

రెండో రకానికి స్టీరింగ్ మధ్యలో ఉన్న ఎయిర్‌బ్యాగ్ తీయక తప్పదు. ఎయిర్‌బ్యాగ్ అంటే సంచి మాత్రమే కాదు, దాని వెనక మందు ఉంటుంది. గుద్దుకున్నప్పుడు సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా అది ఉబ్బాలి. దాన్ని తీసే ముందు బ్యాటరీ మైనస్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి, లోపల మిగిలిన కరెంటు దిగిపోవాలి. పసుపుపచ్చ కనెక్టర్లను టెస్ట్ ల్యాంపుతో గాని మామూలు మీటర్‌తో గాని ముట్టుకోకూడదు. స్టీరింగ్ కింద క్లాక్ స్ప్రింగ్ అనే చుట్ట ఉంటుంది. స్టీరింగ్ తిరుగుతున్నా హారనుకూ ఎయిర్‌బ్యాగ్‌కూ కరెంటు తెగకుండా అందించే రిబ్బను అది. చక్రం తిన్నగా ఉన్నప్పుడు ఆ రిబ్బను సరిగ్గా నడిమధ్య ఉండాలి. అటో ఇటో తిప్పి బిగిస్తే ఆ రోజు బాగానే ఉంటుంది. ఎప్పుడో పార్కింగ్‌లో చక్రం పూర్తిగా తిప్పినప్పుడు లోపల పుటుక్కున తెగుతుంది. ముందు హారను పోతుంది, తర్వాత డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది. అలాంటి బండ్లు నా దగ్గరికి వచ్చాయి. ఒకటి వచ్చినప్పుడు దీపం కూడా వెలగడం లేదు. విప్పి చూస్తే బల్బు మీద టేపు అతికించి ఉంది. వెనక సీట్లో పసిపిల్లల కుర్చీ. ఆ తండ్రికి తన ముందున్న ఎయిర్‌బ్యాగ్ చచ్చిపోయిన సంగతే తెలియదు.

మూడో రకంలో ఎయిర్‌బ్యాగ్ విప్పనక్కర్లేదు, నిజమే. కాని స్టీరింగ్ ముఖం మీద అతికించిన గట్టి బటను, సంచి ఉబ్బినప్పుడు ఎటు ఎగురుతుంది? నడిపేవాడి ముఖం అడుగు దూరంలోనే ఉంటుంది. 2019 జులై నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసింది ప్రాణం కాపాడటానికి. దాని ముందు మనమే అడ్డు పెట్టుకోవడం ఏం తెలివి?

చట్టం సంగతి అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మూల స్వరూపం మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని మార్పులు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ఈ లెక్కలో పాడిల్ మూల స్వరూపాన్ని మారుస్తుందా అంటే, మార్చదనే నా అభిప్రాయం. రంగు, ఇంజను, చాసిస్ ఏవీ మారడం లేదు. కాని అది పరవాలేదని రాసిపెట్టిన కాగితం లేదు. బీమా కంపెనీకి ముందుగా చెప్పకపోతే క్లెయిము రోజున వాదన మొదలవుతుంది. తెగిన వైరు దగ్గర వారంటీ కూడా తెగుతుంది.

మా భివండిలో యంత్రానికి తర్వాత సామాను చేర్చడం కొత్త సంగతి కాదు. పాత సాదా సాంచాలో పడుగు పోగు తెగినా యంత్రం ఆగదు, గుడ్డలో గీత పడుతూనే ఉంటుంది. మా నాన్న రాత్రి పాళీలో కళ్లు చికిలించి ఆ పోగుల కోసమే వెతికేవాడు. తర్వాత పోగు తెగగానే పిన్ను కిందికి జారి సాంచాను ఆపే వార్ప్ స్టాప్ మోషన్, పేక తెగితే ఆపే ఫోర్కు, మెరుగైన బ్రేకు, పాత సాంచాకే బిగించడం మొదలైంది. 2017 ఏప్రిల్ 1న అప్పటి జౌళి మంత్రి స్మృతి ఇరానీ పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని ఇక్కడే, భివండిలోనే ప్రారంభించారు. ఎనిమిది సాంచాల దాకా ఉన్న చిన్న ఆసాములకు ఈ సామాను ఖర్చులో సగం, ఎస్సీలకు 75 శాతం, ఎస్టీలకు 90 శాతం ప్రభుత్వం ఇస్తానంది. ఆ పథకంలో ఏయే సామాను బిగించవచ్చో ముందే చెప్పారు, బిగించాక అధికారులు వచ్చి చూసిన తర్వాతే డబ్బు. సబ్సిడీ అందడంలో చిక్కులు వచ్చాయి, దాని మీద మావాళ్లకు చాలా కోపాలున్నాయి, అది వేరే వ్యాసం. కాని పద్ధతి సరైనది. పేకను గుద్దే స్లే ముందుకొచ్చే క్షణానికి ఫోర్కు కుదరకపోతే సాంచా ఊరికే ఆగుతుంది, లేదా ఆగాల్సినప్పుడు ఆగదు. ఆ కుదుర్పు చూడటానికి పనితెలిసిన కన్ను కావాలని జౌళి శాఖ ఒప్పుకుంది. మనిషి ప్రాణాలు మోసే కారుకు ఆ కన్ను ఎందుకు లేదు?

కార్లలోనూ దారి ఉంది, కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. సీఎన్‌జీ కిట్టు చూడండి. ఒకప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు బిగించేవారు. ఇప్పుడు పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ఆమోదించిన కిట్టే వాడాలి, అనుమతి ఉన్న వర్క్‌షాపే బిగించాలి, ఆర్‌సీలో రాయించాలి, సిలిండరును మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. మధ్యతరగతివాడికి చవక ప్రయాణమూ దొరికింది, భయమూ తగ్గింది. పాడిల్ కిట్టుకు ఇంత తతంగం అక్కర్లేదు. స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ ముట్టుకునే సామానుకు ఒక పరీక్ష, ఒక ఆమోద ముద్ర, బిగించే మనిషికి ఒక శిక్షణ సర్టిఫికెట్ ఉంటే చాలు. మాలాంటి వీధి ఎలక్ట్రీషియన్లకు ఆ శిక్షణ ఐటీఐల్లో సాయంత్రం పూట ఇస్తే ఫీజు కట్టి నేర్చుకోవడానికి నేను సిద్ధం.

కంపెనీలను అడిగేది ఇంకా సులువు. ఒకే ఇంజను, ఒకే గేర్‌బాక్సు పెట్టి, పై వేరియంట్‌కు పాడిల్ ఇచ్చి కింది వేరియంట్‌కు ఇవ్వకపోవడం ఎందుకు? ఆ రెండు స్విచ్చుల కోసం ఎవడూ లక్షలు ఎక్కువ పెట్టి పైది కొనడు, సన్‌రూఫ్ కోసం కొంటాడు. ఘాట్లు దిగే దేశంలో గేరు తగ్గించే సౌకర్యాన్ని అలంకారాల లెక్కలో వేయడం అన్యాయం. ఇప్పటికే అమ్మిన బండ్లకు మీ సర్వీస్ సెంటర్లోనే, మీ సామానుతో, మీ కోడింగ్‌తో బిగించి బిల్లు ఇవ్వండి. ఫ్లోర్ మ్యాట్లు, సీటు కవర్లు, క్రోమ్ పట్టీలు అమ్మే కౌంటరు మీకు ఎలాగూ ఉంది.

ఆ రోజు వచ్చేదాకా నా షాపులో ఎయిర్‌బ్యాగ్ విప్పి పాడిల్ పెట్టే పని తీసుకోను. బ్రేకు ఆయిలు మార్పిస్తాను, ప్యాడ్లు చూస్తాను, లీవరులో మైనస్ ఎప్పుడు వాడాలో ఖాళీ రోడ్డు మీద పక్కన కూర్చుని చూపిస్తాను. ఇప్పటికే ఎక్కడో పెట్టించుకున్నవాళ్లు తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం ఒకసారి వెలిగి ఆరుతోందో లేదో చూసుకోండి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా, ఊరికి బయల్దేరే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్లో స్కాన్ చేయించండి.